ఎడం చేత్తో ఇచ్చిన మాత్రలు

"కుడి చేత్తో ఇవ్వాలని నీకెవరూ నేర్పలేదా అమ్మా?"

జైలు గేటు దగ్గర బల్ల వేసుకుని కూర్చున్న వార్డరు ముఖం చిట్లించాడు. ఎదురుగా ఒక పెద్దావిడ ఎడం చేత్తో పొట్లం చాచి నిలబడింది. కుడి భుజం మీంచి మోకాలి దాకా మందపాటి శాలువా కప్పుకుని ఉంది.

"అలవాటు తప్పింది బాబూ. ఏమనుకోకు."

వార్డరుని తోటివాళ్ళు రూళ్ళకర్ర అంటారు, ఎంత వంచినా వంగడని. ఆ పేరు చెవిన పడ్డప్పుడల్లా అతను లోలోపల మురిసిపోయేవాడు.

"ఎవరికిది?"

"ఒంటరి గదిలో పెట్టారే, గోడతో మాట్లాడుతుంటాడే, వాడికి."

"నువ్వేమవుతావు?"

"వాడి మనిషిని."

తల్లే అయివుంటుంది. అలాంటివాడి కోసం ఇంకెవరొస్తారు?

పొట్లం విప్పాడు. ఒక చొక్కా, నాలుగైదు మాత్రల అట్టలు, ఆసుపత్రి డాక్టరు రాసిచ్చిన చీటీ.

"చొక్కా లోపలికి పోతుంది. మాత్రలు పోవు."

"ఆసుపత్రిలో ఇవే వేసేవాళ్ళు బాబూ. ఇవి మింగినన్నాళ్ళూ వాడంత నెమ్మదస్తుడు ఉండడు. ఆపేస్తేనే ఎదుటి మనిషి దయ్యంలా కనబడతాడు వాడికి."

"బయటి మందు ఏదైనా జైలు డాక్టరు చూసి సరేననాలి."

"చూపించండి మరి."

"ఆయన బదిలీ అయి వెళ్ళిపోయాడు. కొత్తాయన ఇంకా రాలేదు."

"వచ్చేదాకా?"

"వచ్చేదాకా రూలు రూలే."

ఈ తతంగం కొత్తదేం కాదు. మతి లేనివాడి మీద కేసు నడవదు కనుక కోర్టు వాణ్ణి ఆసుపత్రికి పంపేది. అక్కడివాళ్ళు నెలల తరబడి మందులిచ్చి మళ్ళీ మనిషిని చేసేవాళ్ళు. మనిషయ్యాడు కదా అని జైలుకి తెచ్చేవాళ్ళు. జైల్లో మందులుండవు. వాయిదా నాటికి వాడు జడ్జిగారి నెత్తి మీద తిరిగే ఫ్యానుకి దణ్ణాలు పెడుతూ ఉండేవాడు. తీసుకెళ్ళి బాగుచేయించండి అనేవారు జడ్జిగారు. కథ మళ్ళీ మొదటికొచ్చేది. ఎవర్నడిగినా తమ పని తాము చేశామనే చెబుతారు. అది అబద్ధం కూడా కాదు. ఒళ్ళు మండేది అందుకే.

"ఈసారన్నా వాడు తెలివిలో ఉండాలి బాబూ. కేసు నడిస్తేనే నన్ను పిలుస్తారు. వీడి చోటు జైలు కాదని జడ్జిగారికి ఒక్క మాట చెప్పుకోవాలి."

వార్డరుకి చిర్రెత్తుకొచ్చింది.

"అన్నం పెట్టిన మనిషినే కత్తెత్తి నరికాడమ్మా నీ కొడుకు. వాడి కోసం ఇంతలా పాకులాడుతున్నావు. ఆ దెబ్బ తిన్న మనిషి గతేమిటో ఏనాడైనా ఆలోచించావా?"

ఆమె శాలువా సర్దుకుంది.

"రోజూ ఆలోచిస్తాను బాబూ."

లోపల ఏమైనా దాచారేమోనని అతను చొక్కా కుట్లన్నీ తడిమి చూశాడు. అది అతని డ్యూటీ.

"ఇదేం కుట్టు? పాము పాకినట్టుంది. ఎవరన్నా దర్జీకి ఇవ్వలేకపోయావా?"

"నేనే కుట్టాను. ఒకప్పుడు బాగానే కుట్టేదాన్ని."

అతనికి నవ్వొచ్చింది. మాత్రల అట్టలు సొరుగులో పడేశాడు.

"డాక్టరొస్తే చూపిస్తాలే. వెళ్ళిరా."

ఆమె నమ్మింది. వారం వారం వస్తూనే ఉంది, మాత్రలు ఇస్తూనే ఉంది. సొరుగు నిండింది. డాక్టరు రాలేదు.

లోపల వాడు అన్నంలో విషం కలిపారంటూ కంచం నెట్టేయడం మొదలుపెట్టాడు. ఒకటి రెండు పూటలు బతిమాలారు. ఆ తర్వాత కంచం పెట్టడం, పెట్టిన కంచం పెట్టినట్టే తీసుకెళ్ళడం. తిన్నాడా లేదా అని చూడటం ఎవరి డ్యూటీలోనూ లేదు.

వాయిదా రోజు పొద్దున్నే ఆమె ఇస్త్రీ చేసిన చొక్కా పట్టుకుని వచ్చింది. ఆమెను చూడగానే వార్డరు లేచి నిలబడ్డాడు.

"కూర్చోండమ్మా."

ఇన్నాళ్ళూ 'నువ్వు' అన్న నోటి నుంచి ఆ మర్యాద వచ్చేసరికి ఆమెకి అంతా అర్థమైపోయింది. బెంచీ మీద కూలబడింది.

"ఎప్పుడు?"

"తెల్లారేసరికి... చూస్తే ప్రాణం లేదు."

"ఆకలితోనా?"

వార్డరు రూలు అనబోయి ఆ మాట మింగేశాడు. సొరుగు లాగి అట్టలన్నీ తీసి బల్ల మీద పెట్టాడు. ఇప్పుడెందుకు పెడుతున్నాడో అతనికే తెలియదు.

ఆమె వాటి వంక చూసింది.

"ఒక్కటి కూడా వాడి నోట్లో పడలేదన్నమాట."

"అమ్మా..."

"పోనీలే బాబూ. శవాన్నయినా నాకిస్తారా? ఈ చొక్కా తొడిగి పంపిస్తాను."

"కన్నతల్లి మీరు. మీకు కాక ఎవరికిస్తాం? ఇక్కడొక సంతకం పెట్టండి."

"తల్లిని కాను. వాళ్ళమ్మ వాడి చిన్నప్పుడే పోయింది. నా కుట్టు దుకాణంలో కాజాలు కుట్టేవాడు."

వార్డరు పెన్ను చాచినవాడు చాచినట్టే ఉండిపోయాడు. ఆమె దాన్ని అందుకోవడానికి ముందుకు వంగింది. శాలువా జారి కింద పడింది. కుడి చెయ్యి మణికట్టు దాకానే ఉంది.

"సంతకం కూడా ఎడం చేత్తోనే పెడతాను, ఏమనుకోకు బాబూ. ఆ రోజు వాడు నరికింది నన్నే."