ఎర్రచుక్క సాక్షి

"కెమెరా జాగ్రత్త!"

ఒడ్డు మీంచి బావ అరిచాడు. మనిషి జాగ్రత్త అనలేదు. కెమెరా తనది, మరదలు అత్తగారింటిది.

మరదలు మెడలోతు నీళ్లలో ఉంది. కాళ్లకు రబ్బరు రెక్కలు, చేతిలో నీళ్లు చొరబడని పెట్టె, ఆ పెట్టెలో కెమెరా. పెట్టె ముందున్న అద్దాన్ని నాలుకతో ఒకసారి నాకింది. అలా చేస్తే అద్దం మీద నీటి చుక్కలు నిలవవు. మొదటిసారి అది చూసినప్పుడు బావ వీధంతా చెప్పుకుని నవ్వాడు. నవ్వితే నవ్వాడు, ఆమె నాకడం మానలేదు.

అల లేచింది. ఒడ్డున ఉన్నవాళ్లకి అల అంటే వచ్చి విరిగేది. లోపల ఉన్నవాళ్లకి అది కప్పున్న గది. రెప్పపాటు నిలబడుతుంది. ఆలోగా నొక్కాలి, వెంటనే మునగాలి.

నొక్కింది. మునిగేలోపే గది నెత్తిన కూలింది. రెండు పల్టీలు కొట్టి, గుప్పెడు ఇసుక మింగి, పైకి లేచి నవ్వింది.

"ఇక చాలు, రా! స్టూడియో గొడుగు ఎగిరిపోయేట్టుంది!" మళ్లీ అరిచాడు బావ. ఆయనకి ఎండ పడదు, తడి అసలే పడదు.

ఆమె వినిపించనట్టే ఇంకో అలకి ఎదురెళ్లింది.

స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలు బావ తీస్తాడు. మొహాల మీద మచ్చలు తీసెయ్యడం ఆమె పని. ఎర్ర బోర్డు, ఎర్ర తెర, ఎర్ర కవర్లు. స్టూడియోది ఏదైనా ఎర్రగా ఉండాలని బావ పంతం. కంప్యూటరు ముందు పది నిమిషాలు కూర్చునే ఓపిక మాత్రం ఆయనకి లేదు.

ఆ రోజు తీసినవాటిలో ఒకటి అద్భుతంగా వచ్చింది. ఆకుపచ్చటి నీటి గుహ. గుహ చివర గుండ్రటి వెలుగు. ఆ వెలుగులో చిన్న ఎర్రచుక్క. అలవాటు కొద్దీ ఆ చుక్క తీసెయ్యబోయింది. ఎందుకో పెద్దది చేసి చూసింది. ఫక్కున నవ్వి, అలాగే ఉంచేసింది.

దాన్ని ఫొటోల పోటీకి పంపే పని బావ తన మీద వేసుకున్నాడు. కొంప అక్కడే మునిగింది. మొదటి బహుమతి వచ్చింది, బావ పేరు మీద.

"అది నా ఫొటో బావా."

"కెమెరా ఎవరిది?"

"నీళ్లు తాగిందెవరు?"

"మన స్టూడియో నుంచి పోయే ప్రతి ఫొటో వెనకా నా పేరే ఉంటుంది. ఇన్నాళ్లూ పాస్‌పోర్టు ఫొటోలకి అడగలేదే?"

అక్క వంటింట్లోంచి వచ్చి మధ్యలో నిలబడింది. "పోనీలేవే. ఎవరి పేరైతే ఏం? ఇంట్లోనే ఉందిగా?"

"ఇంట్లోనే ఉంటే ఏ గదిలో ఉందో చెప్పక్కా, వెళ్లి తెచ్చుకుంటా."

అక్క మళ్లీ వంటింట్లోకి నడిచింది. బావ అందుకున్నాడు. "నువ్వే తీశావని సాక్ష్యమేదీ? నిన్ను నీళ్లలో చూసినవాళ్లున్నారా?"

"ఒకరున్నారు."

బావ మొహంలో రంగు మారింది. "ఎవరు?"

"బహుమతుల సభకి వస్తారులే."

వారం రోజులు బావకి అన్నం సయించలేదు. చేపలు పట్టేవాళ్లలో ఎవరైనా ఉన్నారేమో ఆరా తీశాడు. వలల దగ్గర ముసలాయన్నీ, పడవకి రంగులేసే ఆయన్నీ అడిగాడు. ఎవరూ ఏమీ చూడలేదన్నారు. బావ మళ్లీ మనిషయ్యాడు, కొత్త కోటు కుట్టించుకున్నాడు.

"నువ్వు రావద్దే, గొడవవుతుంది," అంది అక్క.

"వస్తా. ముందు వరసలో కూర్చుంటా."

అన్నట్టే కూర్చుంది.

వేదిక వెనక పెద్ద తెర. తెర నిండా ఆమె అల. పోటీ అధ్యక్షురాలు మైకు అందుకుని, ఆ ఎర్రచుక్క లేకపోతే ఆ ఫొటో సగమేనంది. దాని సంగతి చెప్పమని బావని అడిగింది.

బావ కోటు సర్దుకున్నాడు. "అది ఉదయిస్తున్న సూర్యుడండీ! ఆయన కోసం నాలుగు గంటలు నీళ్లలో నానాను."

చప్పట్లు మోగాయి. బావ హాలంతా కలియజూశాడు. సాక్షిలా ఉన్న మొహం ఏదీ కనిపించలేదు. ఛాతీ రెండంగుళాలు పొంగింది.

మరదలు లేచింది. అక్క ఆమె చెయ్యి పట్టుకుని లాగింది. విడిపించుకుంది.

"ఒక్క ప్రశ్న బావా. కెమెరా ఎటు తిప్పి తీశావు?"

"ఎటేమిటి? సముద్రం వైపే! అలలు ఇంకెటుంటాయి?"

హాలంతా నవ్వింది. ఆమె నవ్వు ఆగేదాకా ఓపిగ్గా నిలబడింది.

"ఒడ్డున ఉన్నవాళ్లు అటే తీస్తారండీ," అంది అధ్యక్షురాలితో. "లోపలున్నవాళ్లం ఒడ్డు వైపు తిప్పి తీస్తాం. ఈ ఫొటో నాది. సాక్షి కూడా వచ్చారు. కాస్త ఆ సూర్యుణ్ని పెద్ద చేయిస్తారా?"

"చెయ్యండి, చెయ్యండి!" అన్నాడు బావ ధీమాగా.

అధ్యక్షురాలు తెర నడిపే ఆయనకి సైగ చేసింది. చుక్క గింజంత అయింది. గింజ అరచేయంత అయింది.

హాలంతా చూస్తుండగా అరచెయ్యి గొడుగైంది, ఆ ఎర్ర గొడుగు కింద పొడి ఇసుకలో, ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని, నోటి పక్కన చెయ్యి పెట్టుకుని, సముద్రం వైపు గొంతు చించుకుని అరుస్తున్నాడు బావ.