మంగినపూడిలో చూపులు

"నవ్వవే. ఫోటోలో మొహం అలా పెట్టకు," అంది నాయనమ్మ వెంకటరత్నమ్మ.

నవ్యశ్రీ నవ్వలేదు. ఒంటి మీద నల్లగౌను, చేతిలో అప్పుడే పుచ్చుకున్న ఎమ్మెస్సీ పట్టా. నవ్వాల్సిన రోజే. కానీ నాయనమ్మ పిలిచి మరీ పక్కన నిలబెట్టినవాణ్ణి ఆమె ఇంతకుముందు ఎప్పుడూ చూడలేదు. పేరు అభినవ్ అట. అటు చివర, అమ్మ సరోజ పక్కన నిలబడ్డాయన వాళ్ళ నాన్న మల్లికార్జునరావు. గుడివాడలో ఎరువుల కొట్టు.

"మనకి బాగా కావలసినవాళ్ళు. తల్లి లేని పిల్లాడు, పాపం," అని నాయనమ్మ పొద్దున చెప్పింది. అంత కావలసినవాళ్ళయితే ఇన్నేళ్ళూ ఎక్కడున్నారో మాత్రం చెప్పలేదు.

ఫోటో తీసిన నిస్సీ, క్లాసంతటికీ కబుర్లు మోసే పిల్ల, నవ్యని గోడవారకి లాగింది.

"ఒసేయ్, ఇవి పెళ్ళిచూపులే."

"నోర్ముయ్."

"మా అక్కని చర్చిలో కూడిక అని చెప్పి విజయవాడ తీసుకెళ్ళారు. భోజనాల దగ్గర ఎదురుగా అబ్బాయిని కూచోబెట్టారు. ఇప్పుడు వాళ్ళకి ఇద్దరు పిల్లలు."

నవ్యకి అనుమానం ఇప్పటిది కాదు. మొన్న వంటింట్లో అమ్మ ఫోనులో గుసగుసలాడటం విన్నది. "దాని పట్టా చేతికొచ్చాకే ఏదైనా. ముందు మిమ్మల్ని చూడనివ్వండి. దానికి నచ్చకపోతే ఇంక ఆ మాటే వద్దు." నవ్య గుమ్మంలో కనపడగానే గ్యాస్ బుకింగ్ అని చెప్పి పెట్టేసింది. గ్యాస్ వాళ్ళతో అంత మెత్తగా ఎవరు మాట్లాడతారు?

ఇవాళ పొద్దున అవనిగడ్డలో బయల్దేరేముందు ఇంకో విచిత్రం. నాయనమ్మ తన పెట్టె తెరిచి మామిడిపండు రంగు పట్టుచీర బయటికి తీసింది. తనకే అనుకుని నవ్య చెయ్యి చాపింది.

"నీకు గౌనుందిగా, లోపల ఏం కట్టినా ఎవరు చూస్తారు? సరోజా, నువ్వు కట్టుకో."

నాన్న పోయాక అమ్మ అంత మంచి చీర కట్టడం నవ్య చూడలేదు. పెళ్ళివారి ముందు తక్కువగా కనబడకూడదని కాబోలు అనుకుంది.

నవ్యకి హైదరాబాదులో మందుల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. వచ్చే నెల చేరాలి. "నువ్వు అడిగేదాకా నీ పెళ్ళి ఊసెత్తను," అని అమ్మే తలమీద చెయ్యేసి చెప్పింది. పోస్టాఫీసు జీతంతో ఒక్కతే తనని ఇంత చదివించిన అమ్మ మాట తప్పుతుందంటే నమ్మబుద్ధి కాలేదు. నమ్మక తప్పేట్టూ లేదు. పట్టా పుచ్చుకున్న రోజున నవ్యకి ఏడుపొచ్చింది.

గౌన్లు సాయంత్రంలోపు తిరిగి ఇచ్చెయ్యాలి. ఈలోగా సముద్రం దగ్గర ఫోటోలు దిగాలని నిస్సీ వాళ్ళు మంగినపూడికి ఆటోలు మాట్లాడారు. పెద్దవాళ్ళూ వస్తామన్నారు. అనుకున్నట్టే గుడివాడ కారు కూడా వెనకాలే వచ్చింది.

సరుగుడు చెట్ల నీడలో దుప్పటి పరిచి అమ్మ పులిహోర డబ్బా తెరిచింది. మల్లికార్జునరావు మారు పెట్టించుకుని మరీ తిన్నాడు.

"హైదరాబాదులో హాస్టల్లో ఉంటావామ్మా?"

"అవునండీ."

"అమ్మగారు కూడా నీతో వచ్చేస్తారా?"

"లేదండీ. అమ్మకి ఉద్యోగం ఇక్కడేగా."

ఆయన మొహం విప్పారింది. అమ్మ బరువు తమ మీద పడదని అంత సంబరమా! నవ్యకి ఒళ్ళు మండింది. కొడుకేమో అమ్మకి మంచినీళ్ళు అందిస్తున్నాడు, ఆమె చెప్పులు కాలకుండా నీడలోకి జరుపుతున్నాడు. అత్తగారిని మంచి చేసుకోవడం అప్పుడే మొదలుపెట్టాడన్నమాట.

నాయనమ్మ గొంతు సవరించుకుంది. "అమ్మడూ, నువ్వూ అభినవూ అలా నీళ్ళదాకా నడిచి రండి."

దూరంగా నిస్సీ కనుబొమ్మలు ఎగరేసింది. పిల్లనీ పిల్లాణ్ణీ విడిగా మాట్లాడుకోమని పంపారంటే చూపులు చివరికొచ్చినట్టే. తిరిగి రాగానే అడిగేది ఒకటే, నచ్చాడా లేదా అని. నవ్య అమ్మవైపు చూసింది. అమ్మ తల దించుకుని పట్టుచీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. మాట తప్పినందుకు సిగ్గుపడుతోంది కాబోలు. పడనీ అనుకుని లేచింది నవ్య.

ఇసకలో గౌను ఈడ్చుకుంటూ నీళ్ళదాకా ఒక్క ఊపున నడిచింది. అభినవ్ వెనకాలే వచ్చాడు.

"కంగ్రాట్స్ అండీ. పొద్దున్నుంచీ చెప్దామంటే..."

"థాంక్స్. మీతో ఒక మాట సూటిగా చెప్పాలి. మీ మీద నాకేం కోపం లేదు. కానీ నాకిప్పుడు పెళ్ళి వద్దు. అమ్మాయి నచ్చలేదని మీ నాన్నగారికి మీరే చెప్పెయ్యండి. మా అమ్మని మాత్రం ఎవరూ ఒక్క మాట అనకూడదు."

అభినవ్ తెల్లమొహం వేశాడు.

"మీకు పెళ్ళేంటండీ?"

"మరి మీరంతా ఎందుకొచ్చినట్టు?"

"అయ్యో, మీకు చెప్పలేదా?"

అతను వెనక్కి తిరిగాడు. నవ్యా తిరిగి చూసింది. నాయనమ్మ ఎప్పుడు లేచిందో, గొడుగేసుకుని నిస్సీ వాళ్ళవైపు వెళ్ళిపోతోంది. దుప్పటి మీద ఈ చివర మల్లికార్జునరావు, ఆ చివర అమ్మ మిగిలారు.

"ఇవాళ చూపులు మీ అమ్మగారికండీ."