ఇంటికి తాళం

రాణి హార్బర్ నుంచి వచ్చేసరికి, ఎవరో ఆడమనిషి తన ఇంట్లో కింద కూర్చుని కూతురు ఆశ నడుముకున్న తాడు విప్పుతోంది.

రెండేళ్ళ ఆశ ఆమె మెడలోని గుర్తింపు కార్డు చప్పరిస్తోంది.

"ఎవులు నువ్వు?"

"కుసుమకుమారి. పిల్లల ఆఫీసు నుంచమ్మా. పిల్లని కట్టేసి వెళ్తున్నావని ఎవరో ఫోన్ చేశారు."

"కట్టకపోతే ఇంటెనకాల గెడ్డ నీల్లల్లో పడిపోద్ది. మాయన సముద్రంలోకి సేపలేటకెల్తే పది రోజులు రాడు. తెల్లారకట్ల నాను రొయ్యలు వొలవడానికెల్లాల. మాయమ్మా నన్నిలాగే కట్టీసేది."

"పక్కింట్లో ఒప్పచెప్పొచ్చుగా?"

"చిలకమ్మకా? కుళాయికాడ తగువయ్యి ఏడాదయ్యింది. మాటల్లేవు."

కుసుమకుమారి ఫైలు తెరిచింది. పెన్ను పట్టుకుని కాసేపు గుమ్మం వైపు చూసింది. ఒక్క లైను రాసి మూసేసింది.

"వచ్చే మంగళవారం వస్తాను. తాడు ఉండకూడదు."

"నా పిల్లనెత్తుకుపోడానికేటి?"

ఆమె ఫైలు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

రెండో మంగళవారమూ ఆశ తాడుకే ఉంది. కుసుమకుమారి విప్పి, రాణి వచ్చేదాకా ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. ఒక లైను రాసుకుని వెళ్ళింది.

మూడోసారీ అంతే.

"నీకేరే పన్లేదేటి?"

"ఇదే పనమ్మా."

"పిల్లల్లేరేటి నీకు? ఊరోల్ల పిల్లల మీద పడ్డావు."

కుసుమకుమారి పెన్ను ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ రాసింది.

నాలుగో మంగళవారం రాణి ఆమె చెప్పులు వీధిలోకి విసిరేసింది. ఆమె వెళ్ళి తొడుక్కుని, చిలకమ్మ ఇంట్లోకి వెళ్ళింది.

చాడీలు చెప్పుకోడానికే అనుకుంది రాణి.

మర్నాడు చిలకమ్మే గుమ్మంలోకి వచ్చింది.

"తెల్లారకట్ల పిల్లని నాకాడొగ్గీసి ఎల్లే. వలలేగా బాగుసేసుకుంటన్నాను."

ముసిలిదాని మనసు దానంతటదే కరిగిందనుకుంది రాణి.

కుసుమకుమారి మళ్ళీ రాలేదు.

నెల తర్వాత అదే ఫైలుతో సందీప్ అనే కుర్ర ఆఫీసరు వచ్చాడు. చిలకమ్మ ఇంట్లో వలల మీద దొర్లుతున్న ఆశని చూశాడు.

"పిల్ల బాగుందమ్మా. కేసు మూసేస్తాను."

ప్రాణం కుదుటపడ్డాక రాణి అడిగింది. "ఆయమ్మ రాలేదేటండి?"

"తీసేశారు. నాలుగు మంగళవారాలూ 'ఇంటికి తాళం, పిల్ల కనపడలేదు' అని రాసింది. ఆఫీసులో కూర్చునే రాసేసిందని తేల్చారు."



"తాడుతో ఉందని రాత్తే ఏటవుద్దండి?"

"ఆ రోజే పిల్లని తీసుకెళ్ళి హోంలో పెట్టాలి. రూలు. ఇంటికి తాళముంటే ఇంకో వారం గడువు."

సందీప్ పెన్ను తీశాడు.

"నిజం చెప్పు. ఆవిడ అసలు వచ్చిందా?"

రాణి ఆశ వైపు చూసింది.

"వొచ్చిందండి. పక్కోల్లు సూశారు. నాలుగుసార్లూ నానే తాళమేసుకుని, పిల్లనెత్తుకుని పన్లోకెల్లిపోయాను. ఆయమ్మ నిజమే రాసింది. మల్లీ పన్లోకెట్టుకుంటారా?"

"రాస్తాను. కాని తీసేసినట్టు ఆర్డరు వెళ్ళిపోయిందమ్మా."

అతను రాసుకుని వెళ్ళిపోయాడు.

రాణి తలుపు దగ్గరికి వేసి, దాన్నే చూస్తూ నిలబడిపోయింది.

ఆ తలుపుకి లోపల గడియే కాని, బయట తాళం వేసే కొక్కెం ఏనాడూ లేదు.