పొయ్యి మీద గొడుగు

పేదవాడి కథ రాయడానికి క్రాంతికుమార్‌ను విశాఖలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఫైవ్‌స్టార్ హోటల్లో దింపారు. సాఫ్ట్‌వేర్ కంపెనీ అమ్మేసి జూబ్లీ హిల్స్‌లో సినిమా ఆఫీసు తెరిచిన రవిచంద్రకు, కడుపు నిండితే గాని పేదరికం అర్థం కాదు.

పీతల వేపుడు తింటూ ఆ నిర్మాత సీను విన్నాడు.

"వాన పడితే హీరో తల్లి పొయ్యి మీద గొడుగు కట్టుకుని వంట చేస్తుంది సార్."

"ఇంట్లో గొడుగేంటండీ? నేచురల్‌గా లేదు. తీసేయండి."

క్రాంతికుమార్ తీసేశాడు. సముద్రపు గాలికి అభిప్రాయాలు తేలిగ్గా మారతాయి.

నెల తర్వాత హైదరాబాదులో దిగగానే, షూటింగుకి దొరికిన 'అసలు సిసలు పేదిల్లు' చూపిస్తానని నిర్మాత అతణ్ణి కారెక్కించుకున్నాడు. కారు ఎర్రగడ్డ దాటి మోతీనగర్‌లో ఒక సందు ముందు ఆగింది. క్రాంతికుమార్‌కి దిగబుద్ధి కాలేదు. రవిచంద్ర చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాడు.

వాన పడుతోంది. కారుతున్న రేకుల కింద, పొయ్యి మీద గొడుగు కట్టి ఒకామె అన్నం వండుతోంది.

"చూశారా, గొడుగు! జీవితమంటే ఇదండీ! ఇలాంటిది మీకెందుకు తట్టలేదు?" అని రవిచంద్ర ఆమె వైపు తిరిగాడు. "ఈయన మా రైటరమ్మా. మీ కష్టాలు ఈయనకేం తెలుసు? కాస్త చెప్పు."

ఆమె క్రాంతికుమార్‌ను ఎగాదిగా చూసింది.

"నిజమే సార్. మా ఆయనకేమెరుక? ఆ గొడుగు కట్టి, సముద్రం కాడికి పోయి నెలాయె."