ప్రీతి స్క్రీన్

ఆ రోజు హసన్‌పర్తిలోని మా ఇంట్లో అన్న ప్రశాంత్, అతని దోస్తు మహిపాల్, నేను ఉన్నాము. అమ్మ చర్చికి వెళ్లింది.

అన్న నడిపే ఆన్‌లైన్ గేమ్ సర్వర్‌లో ఆడేవాళ్లు కొందరు తొండి చేస్తున్నారు. వాళ్లను పట్టుకునే సాఫ్ట్‌వేర్‌లు రెండు దొరికాయి. ఏది పెట్టాలా అని ఇద్దరూ కంప్యూటర్ ముందు కూర్చున్నారు. నేను చాయ్ తెచ్చాను.

"ఇది ఆట ఒక్కటే చూస్తది. గదేమో ఆడేటోళ్ల స్క్రీన్ మొత్తం ఫొటో తీసి మనకు పంపుతది," అన్నాడు మహిపాల్.

"తొండి పట్టనీకి మొదటిది సాలదా అన్నా?" అని మెల్లగా అడిగాను.

"సాల్తది," అన్నాడు అన్న, నా వైపు చూడకుండా.

"మరి రెండోదెందుకు?"

మహిపాల్ నవ్వాడు. "మీ క్లాస్ ప్రీతి గూడ ఆడ్తది గద చెల్లె. ఆ పిల్ల ఎవనితోని చాటింగ్ జేస్తాందో అని మీవోనికి జర ఫికర్."

ప్రీతి నా మాట మీదే ఈ సర్వర్‌లో చేరింది. మా అన్నదే కదా, భయం లేదన్నాను.

"అట్ల చేయకు అన్నా. నేను దానికి చెప్పేస్త."

అన్న రెండోదాని మీద క్లిక్ చేసి లేచాడు. నా చేతిలోని ఫోన్ తీసుకున్నాడు.

"నువ్వెవనితోని మాట్లాడ్తానవో గూడ జూస్త," అని నన్ను బయటికి నెట్టి తలుపు మూశాడు.