పద్నాలుగు చిల్లులు

గురి కాగితం మీద పూడ్చాల్సిన చిల్లులు పద్నాలుగు. రాయిస్ జేబులో ఉన్న స్టిక్కర్లు తొమ్మిది.

వెనక పసుపు గీత అవతల ఆరుగురు ఆడవాళ్ళు ఫలితం కోసం చూస్తున్నారు. వాళ్ళలో మార్లిస్ కూడా ఉంది. ఆవిడ నవ్వుతోంది. ఆ నవ్వు చూస్తే రాయిస్‌కి లెక్క తప్పుతుంది, అరవై నాలుగేళ్ళొచ్చినా సిగ్గు లేకుండా.

అతని శనివారం క్లాసు పద్ధతి టెక్సాస్‌లో ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసిందే. పిస్టల్ ఎలా పట్టాలి, ఇంట్లో దొంగ పడితే ఏం చెయ్యాలి, ముఖ్యంగా ఏం చెయ్యకూడదు, ఇవన్నీ పొద్దుటి పూట చెప్తాడు. ఆఖర్న పరీక్ష. మనిషి బొమ్మ గీసిన కాగితం మీదికి యాభై తూటాలు కాల్చాలి. ముప్పై అయిదు తగిలితే సర్టిఫికెట్. తగలకపోతే పై శనివారం మళ్ళీ రావాలి.

ఆ మళ్ళీ రావడం దగ్గరే రాయిస్ బుద్ధి గడ్డి తింది.

మార్లిస్ మొగుడు పోయి మూడేళ్ళయింది. పక్క కౌంటీలో ఇల్లు అమ్మేసి ఈమధ్యే ఈ ఊరొచ్చింది. మొదటి వారం ఆవిడకి ముప్పై నాలుగు తగిలాయి. "ఒక్కటే తక్కువా మాస్టారూ?" అని మొహం చిన్నబుచ్చుకుంది. రాయిస్ పైకి అయ్యో పాపం అన్నాడు. ఇంటికెళ్ళేదాకా ట్రక్కులో ఈల వేస్తూనే ఉన్నాడు.

రెండో వారం ఆవిడ పెకాన్ పై అనే తీపి వంటకం చేసుకొచ్చింది. ఆ రోజు ముప్పై ఆరు తగిలాయి. అంటే సర్టిఫికెట్ ఇవ్వాలి, ఆవిడ థాంక్స్ చెప్పాలి, ఇక కనబడదు. రాయిస్ చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. ప్రాక్టీసులో చిల్లులు మూసి అదే కాగితం మళ్ళీ వాడుకోడానికి ఉండే స్టిక్కర్లు అవి, కాగితం రంగులోనే ఉంటాయి. రెండు అంటించాడు. ముప్పై నాలుగు.

మూడో వారం నలభై ఒకటి. ఏడు అంటించాడు. ఆ పాపం తలుచుకుంటూ, ఆవిడ మళ్ళీ తెచ్చిన పెకాన్ పైలో రెండు ముక్కలు తిన్నాడు.

కౌంటర్లో తూటాలు అమ్మే అక్క నొరీన్ కళ్ళు కప్పడం మాత్రం అతని వల్ల కాలేదు.

"ఏరా, ఆవిడేమన్నా ముప్పై నాలుగు దగ్గర ఇల్లు కట్టుకుందా?"

"కంగారు మనిషక్కా."

"కంగారు ఆవిడకా, నీకా? కాఫీకి వస్తారా అని ఒక్క ముక్క అడగలేవు గానీ ఊరందరికీ ధైర్యం నేర్పుతావు."

"కాదంటే?"

"కాదంటే బీన్స్ డబ్బా వేడి చేసుకుని ఒక్కడివే తింటావు. ఆరేళ్ళుగా తింటున్నదదేగా."

నిజానికి మార్లిస్ అంత జాగ్రత్త గల శిష్యురాలు రాయిస్‌కి ఎన్నడూ దొరకలేదు. ఇవాళ పొద్దున డార్లా అనే అమ్మాయి "సార్, ఇది పేలట్లేదు" అంటూ పిస్టల్‌తో సహా వెనక్కి తిరగబోయింది. రాయిస్ అడుగు వేసేలోపే, పక్కనున్న మార్లిస్ ఆ పిల్ల మణికట్టు పట్టుకుని, తూటాలు ఆపే మట్టిగట్టు వైపుకి తిప్పేసింది. "నువ్వు ముందుకే చూడమ్మా, మాస్టారొస్తారు" అంది మెల్లగా. ఎంత చురుకైన మనిషో అని రాయిస్ మురిసిపోయాడు.

మురిసిపోయి ఏం లాభం, ఇప్పుడు నలభై ఎనిమిది తగిలాయి. ఉన్న తొమ్మిదీ అంటించినా ముప్పై తొమ్మిది మిగులుతాయి. నోట్లో చూయింగ్ గమ్ గుర్తొచ్చింది. తీసి చూశాడు. గులాబీ రంగు. మళ్ళీ నోట్లో వేసుకున్నాడు.

"ఏంటి మాస్టారూ, ఆ కాగితానికి కాపలా కాస్తున్నారా?" అని కేకేసింది మార్లిస్. ఆడవాళ్ళందరూ నవ్వారు.

రాయిస్ కాగితం ఊడదీసి, గీత దగ్గరికి నడిచాడు. టోపీ తీశాడు.

"మేడమ్, మీకు నలభై ఎనిమిది తగిలాయి. పాసయ్యారు. పోయిన వారం కూడా పాసయ్యారు. అంతకు ముందు వారం కూడా. చిల్లులు నేనే మూసేశాను."

"ఎందుకు సార్?" అంది డార్లా.

"పాసైతే ఇంక రారు కదా," అన్నాడు రాయిస్, మార్లిస్ వైపే చూస్తూ. "చేసింది తప్పే. ఎక్కడ ఫిర్యాదు చేసినా నేను నోరెత్తను. కాకపోతే, ఆ చేసేదేదో రేపు చేసి, ఇవాళ సాయంత్రం నాతో బ్రిస్కెట్ మాంసం తినడానికొస్తారా?"

కౌంటర్ కిటికీలోంచి నొరీన్ "హమ్మయ్య" అనడం అందరికీ వినబడింది.

మార్లిస్ కాగితం అందుకుని ఎండకేసి పట్టింది. చిల్లులన్నీ తీరిగ్గా లెక్కపెట్టింది. వద్దంటే వీళ్ళందరి ముందూ తల ఎక్కడ పెట్టుకోవాలో రాయిస్‌కి తెలీడంలేదు.

"ఆరింటికి రండి, తయారుగా ఉంటాను," అంది చివరికి.

తర్వాత చేతిసంచీ తెరిచి, సగం వాడిన స్టిక్కర్ల చుట్ట ఒకటి తీసి అతని అరచేతిలో పెట్టింది.

"ఇవి నాకిక అక్కర్లేదు మాస్టారూ. మొదటి వారం ముప్పై నాలుగు దగ్గర కావాలనే ఆగాను, పక్క కౌంటీలో పంతొమ్మిదేళ్ళు ఈ క్లాసు చెప్పింది నేనే."