రెండోసారి ఒలికితే

“బావా, చూడు! గోళీల్లా దొర్లుతున్నాయి!”

బావ పనిచేసే ల్యాబ్ స్టోర్‌రూమ్‌లో నేల మీద ఒలికిన ద్రవ నైట్రోజన్ చుక్కల్ని చూసి బావమరిది నవ్వాడు.

“అది అతి చల్లన, నేల వెచ్చన కదా. ఆవిరి మీద జారుతున్నాయి. చల్లబడ్డ ఆ చోటే మళ్లీ ఒలికితే జారవు, నేలనంటుకుని ఒక్కసారే మరిగిపోతాయి,” అన్నాడు బావ. పెళ్లినాటి గొడవ తర్వాత మూడేళ్లుగా ఊకొట్టడం తప్ప అతను ఇంత మాట్లాడింది లేదు.

వెనక్కి తిరగబోయిన బావమరిది మోచెయ్యి తగిలి నైట్రోజన్ డబ్బా బోర్లాపడింది. అప్పటికే మంచు పట్టిన నేల మీద ద్రవమంతా బుసబుసా పొంగి, గది తెల్లబడిపోయింది.

“బావా, తల తేలిపోతోంది. హాయిగా ఉంది.”

“ఈ ఆవిరి ఆక్సిజన్‌ని తోసేస్తోందిరా. నడు!”

“ఫోను బల్ల మీద...”

బావ అతని కాలరు పట్టుకుని వరండాలోకి ఈడ్చి, తలుపు మూశాడు. ఇద్దరూ గోడకి చేరగిలబడి రొప్పారు.

“నేనంటే నీకు గిట్టదుగా?”

“గిట్టదు.”

“అక్క ఏమంటుందోనని లాగావా?”

బావ కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

“అప్పుడు మీ అక్క గుర్తు రాలేదు.”

బావమరిది చెయ్యి చాచి, బావ భుజానికంటిన మంచుపొడిని మెల్లగా దులిపాడు.